సముద్రం చదువు, సముద్రం ఉద్యోగం: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సముద్ర శాస్త్రం చదవాలనుకునేవాళ్లవి, లేదా ఇప్పటికే పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తున్నవాళ్లవి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరమే తీసుకున్నాను, పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాను. సముద్ర శాస్త్రం మీద ఇష్టం, కానీ బయాలజీ అంతంతమాత్రం, ఈత అసలు రాదు, బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. నాలాంటివాళ్లు ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: రావచ్చు, నిక్షేపంగా రావచ్చు. ప్రవాహాలు ఎటు పోతాయి, ఎండ వేడి ఎంత లోతుకి దిగుతుంది, తుఫానుకి అంత బలం ఎక్కణ్నుంచి వస్తుంది, ఇవన్నీ ఫిజిక్స్ ప్రశ్నలే. సముద్రం అనగానే అందరికీ చేపలే గుర్తొస్తాయి గానీ ఈ రంగంలో కెమిస్ట్రీ వాళ్లు, జియాలజీ వాళ్లు, లెక్కల వాళ్లు పక్కపక్కనే పనిచేస్తుంటారు. నన్నడిగితే డిగ్రీలో ఒక మూల సబ్జెక్టు గట్టిగా చదివి, పీజీలో సముద్రం వైపు తిరగడమే మంచిది. మొదట్నుంచీ అన్నీ తలా కొంచెం చదివినవాళ్లు సమీకరణాలు వచ్చేసరికి తడబడటం చాలాసార్లు చూశాను. ప్రోగ్రామింగ్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, పైథాన్ చాలు. ఇవాళ సముద్ర శాస్త్రవేత్తకి డెక్ మీద గడిపే సమయం కంటే డేటా ముందు కూర్చునే సమయమే ఎక్కువ.

ఈత సంగతికొస్తే, ఓడెక్కే ముందు సేఫ్టీ ట్రైనింగ్ ఉంటుంది. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలి, అలారం మోగితే ఎక్కడికి చేరాలి, లైఫ్ రాఫ్ట్ ఎలా వాడాలి అన్నీ నేర్పుతారు. ఈత వస్తే మంచిదే, నేర్చుకోండి కూడా, కానీ డైవింగ్ లాంటి పనులకి తప్ప మామూలుగా అది రాకపోతే తలుపులు మూసుకుపోవు. ఇక కడుపులో తిప్పడం. డార్విన్ బీగిల్ ఓడ మీద 1831 నుంచి 1836 దాకా తిరిగినన్నాళ్లూ ఆ బాధ పడుతూనే ఉన్నాడు, అయినా ఆ ప్రయాణంలో ఏం చేశాడో మనకి తెలుసు. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. వాంతులు మొదలయ్యాక మాత్ర వేసుకుంటే పెద్దగా పనిచేయదు, ఓడ కదలకముందే వేసుకోవాలి, ఏ మాత్ర అన్నది డాక్టర్ని అడగండి.

అప్పటికీ సర్దుకోకపోతే ఒడ్డున ఉండి చేసే మంచి పరిశోధన బోలెడంత ఉంది. ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 ఫ్లోట్లు, అంటే వాటంతటవే మునిగి తేలుతూ కొలతలు తీసే పరికరాలు, తిరుగుతున్నాయి. మామూలుగా ఒక్కో ఫ్లోటు 1,000 మీటర్ల లోతులో ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారి పొడుగునా ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహం ద్వారా పంపేస్తుంది. ఆ డేటా ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈ సెలవుల్లో ఒక్క ఫ్లోటుది తీసుకుని ఏడాది పొడుగునా నీటి వేడి ఎలా మారిందో గ్రాఫ్ గీయండి. ఆ పని చేస్తూ మీకు టైమ్ తెలియలేదంటే ఈ రంగం మీకు సరిపోతుందని నేను వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. సముద్ర రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. క్లాసులు, ల్యాబులు, పేపర్లు దిద్దడం, కమిటీ మీటింగులు, వీటితోనే వారం అయిపోతోంది. నాతో పాటు పీహెచ్‌డీ చేసినవాళ్లు పరిశోధన సంస్థల్లో చేరి పేపర్ల మీద పేపర్లు వేస్తున్నారు. పాఠాలు చెబుతూ ఇక్కడే ఉంటే సైంటిస్టుగా వెనకబడిపోతానని టెన్షన్‌గా ఉంది. మానేసి వెళ్లిపోనా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం. ఒకటి పని భారం. అది నిజమైన సమస్య. ఇష్టం ఉంటే టైమ్ అదే దొరుకుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి, వారంలో కనీసం ఒక పూట ఎవరూ ముట్టుకోని సమయం లేకుండా పరిశోధన జరగదు. ఆ పూట కోసం మీ హెడ్‌ని అడగండి, నోటితో అడిగి ఊరుకోకుండా రాతపూర్వకంగా అడగండి, ఒక కమిటీ నుంచి తప్పించమనండి.

రెండోది పాఠాలు చెబితే వెనకబడతాననే భయం. దీంతో మాత్రం నేను అస్సలు ఏకీభవించను. సముద్రంలో మార్పులు ఒక మనిషి సర్వీసులో తెమిలేవి కావు. మనం మొదలుపెట్టిన కొలతని కొనసాగించేవాళ్లు, మనకి తట్టని ప్రశ్న అడిగేవాళ్లు కావాలి, వాళ్లు తయారయ్యేది క్లాసులోనే.

నార్వే అన్వేషకుడు నాన్సెన్ కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా ఈ కోణంలో ఒకసారి చూడండి. 1893లో ఆయన ఫ్రామ్ అనే ఓడని కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి, మంచుతో పాటు కొట్టుకుపోనిచ్చాడు. అలా పోతున్నప్పుడు మంచు గాలి వీచే దిక్కుకే పోవట్లేదని, దానికి 20 నుంచి 40 డిగ్రీలు కుడివైపుకి జరుగుతోందని గమనించాడు. భూభ్రమణమే కారణమని ఊహించాడు, లెక్కగా తేల్చడానికి మాత్రం బియెర్క్‌నెస్ అనే ప్రొఫెసర్‌ దగ్గరికి వెళ్లి, మీ విద్యార్థుల్లో ఎవరికైనా ఈ సమస్య ఇవ్వండి అన్నాడు. ఆ విద్యార్థి ఎక్‌మన్. గాలి తోసిన నీరు ఒక్కో పొర దిగేకొద్దీ ఇంకాస్త పక్కకి తిరుగుతూ పోతుందని తేల్చి, 1905లో ఇంగ్లిషులో ప్రచురించిన పేపరుతో ప్రపంచానికంతటికీ తెలిశాడు. పెరూ తీరంలో గాలికి పైనీరు ఒడ్డు నుంచి తప్పుకోవడం, అడుగు నుంచి పోషకాలున్న చల్లటి నీరు పైకి రావడం, అందువల్ల అక్కడ చేపలు విపరీతంగా పెరగడం, ఇదంతా ఇవాళ మనం పాఠంగా చెప్పేది ఆ కుర్రాడి లెక్కతోనే. నాన్సెన్ ఆ సమస్యని తన డైరీలోనే ఉంచుకుని ఉండొచ్చు, ఉంచుకోలేదు.

ఇంకోటి మన కాలానికి దగ్గరది. 1977లో గాలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి బుగ్గల చుట్టూ ఎవరూ ఊహించనంత జీవం కనిపించింది. మనిషంత పొడుగు గొట్టపు పురుగులు ఉన్నాయక్కడ, వాటికి నోరు లేదు, పేగు లేదు. మరి ఏం తిని బతుకుతున్నాయి? 1980లో హార్వర్డ్‌లో స్మిత్సోనియన్ అనే మ్యూజియం సంస్థ నుంచి వచ్చిన మెరెడిత్ జోన్స్ వాటి మీద లెక్చర్ ఇస్తూ, వాటి శరీరంలో గంధకం స్ఫటికాలు కనిపించాయని చెప్పారు. అప్పుడే పీజీలో చేరిన కాలీన్ కావనా అనే అమ్మాయి లేచి, అయితే లోపల గంధకంతో శక్తి తయారుచేసుకునే బ్యాక్టీరియా ఉండి తీరాలి అంది. ఆయన దగ్గర శాంపిల్ తీసుకుని పనిచేసి, 1981లో ఆధారాలతో ప్రచురించింది. అన్నేళ్ల అనుభవమున్నవాళ్లకి చిక్కని జవాబు క్లాసులో వెనక కూర్చున్నవాళ్లకి తట్టొచ్చు, కాకపోతే మధ్యలో లేచి మాట్లాడే చనువు ఆ క్లాసులో ఉండాలి. మీ క్లాసులో ఆ చనువు ఉందా అన్నది మీ పేపర్ల లెక్క కంటే నాకు ముఖ్యమైన ప్రశ్న.

ఇక ఆచరణలో ఏం చేయొచ్చు? మీది కెమిస్ట్రీ కాబట్టి చెబుతున్నాను, మీ ప్రాక్టికల్ క్లాసునే పరిశోధనగా మార్చండి. మీకు అందుబాటులో ఉన్న తీరంలోనో నదీముఖంలోనో ఒకే చోటు, ఆటుపోట్లలో ఒకే దశ చూసుకుని, నెలకోసారి పిల్లలతో నీటిలో ఆక్సిజన్ కొలిపించండి. విన్‌క్లర్ 1888లో చెప్పిన పద్ధతే, ఇప్పటికీ ఓడల మీద సెన్సర్లని సరిచూసుకునేది దాంతోనే. ట్యూబుని సీసా అడుగుకంటా పెట్టి, ఒక్క బుడగ కూడా రాకుండా నెమ్మదిగా నింపి, సీసా పట్టే నీటికి రెండు మూడింతలు పైనుంచి పొర్లిపోనివ్వాలి. తర్వాత మాంగనీస్ ద్రావణం, దాని వెనకే క్షార అయోడైడ్, రెండూ పిపెట్ మొన నీటిలో ముంచే వేయాలి, వెంటనే బిరడా పెట్టి సీసాని తలకిందులు చేస్తూ బాగా కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం మబ్బులా విచ్చుకుంటుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. అరేబియా సముద్రం నడిమధ్యలో కొన్ని వందల మీటర్ల లోతు నుంచి తెచ్చిన నీటిలో ఆ తెలుపు చూసినప్పుడు, ఊపిరి అందని నీళ్లు ఎలా ఉంటాయో విద్యార్థికి ఇక మరిచిపోయే పని ఉండదు. అంత దూరం వెళ్లలేకపోయినా, బాగా మరిగించి గాలి తగలకుండా చల్లార్చిన నీటిని పంపునీటి పక్కన పెట్టి చేయించినా రంగులో తేడా చూపించొచ్చు.

ప్రతి శాంపిల్‌కీ రెండో సీసా తీయించండి, రెండూ కలవకపోతే ఆ రోజు లెక్క పక్కన పెట్టండి, ఎవరు తీశారో ఎన్ని గంటలకు తీశారో రాయించండి. మూడేళ్లు ఇలా చేస్తే అది క్లాసు రికార్డు స్థాయి దాటి పత్రికకి పంపగల డేటా అవుతుంది. ఇంత చెప్పాక కూడా, అడిగిన పూట ఇవ్వక, ల్యాబు తాళం కూడా మీ చేతికి ఇవ్వని చోటైతే మాత్రం వేరే ఉద్యోగం చూసుకోండి, అందులో తప్పేమీ లేదు. అక్కడికి వెళ్లాక కూడా ఒక కోర్సు చెప్పే అవకాశం వస్తే వదలకండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. పెద్దయ్యాక సముద్రం మీద పరిశోధన చేయాలని ఉంది. కానీ మా అన్నయ్య అన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు తల్లీ, మీ అన్నయ్యకి ఇది చదివి వినిపించు. సముద్రం సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. ఇంతవరకు ఆధునిక సోనార్‌తో, అంటే శబ్దం పంపి లోతు కొలిచే పరికరంతో, సరిగ్గా మ్యాపు గీసింది సముద్రగర్భంలో పావు భాగానికి కాస్త పైన, అంతే. మిగతాదానికి ఉపగ్రహాల ద్వారా అంచనా వేసిన మోటు మ్యాపు మాత్రమే ఉంది. 1960లో పికార్డ్, వాల్ష్ అనే ఇద్దరు ట్రీస్ట్ అనే వాహనంలో అన్నిటికంటే లోతైన చోటికి, దాదాపు 11 కిలోమీటర్ల కిందికి దిగారు, ఆ తర్వాత అక్కడికి మళ్లీ మనిషి దిగింది 2012లో. నువ్వు వచ్చేసరికి పని ఇంకా చాలా మిగిలే ఉంటుంది. లెక్కలు బాగా చెయ్యి.

ప్రశ్న: పీహెచ్‌డీ మూడో ఏడాది. నా థీసిస్ మొత్తం ఆధారపడ్డ క్రూయిజ్‌లో (పరిశోధన ఓడ ప్రయాణంలో) వాతావరణం బాగోక సగం స్టేషన్లు (ఓడ ఆపి కొలతలు తీసే చోట్లు) వదిలేశాం. వచ్చినవాటిలో ఆక్సిజన్ సెన్సర్ రీడింగులు తేడాగా ఉన్నాయి. గైడ్‌గారు ఉన్నదాంతో రాసెయ్ అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. నా థీసిస్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ముందు ఈ మాట నమ్మి ఒక రోజు కంప్యూటర్ తెరవకుండా పడుకోండి, ఆ తర్వాతే మిగతాది చదవండి.

సముద్రం మీద వాతావరణం వల్ల స్టేషన్లు పోవడం ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్లకీ జరుగుతుంది, అందుకు మీరు బాధ్యులు కారు. సెన్సర్ తేడా విషయంలో అడగాల్సింది ఒకటే, నిస్కిన్ సీసాల (కావలసిన లోతులో మూసుకుని నీటిని పట్టి తెచ్చేవి) నుంచి తీసిన నీటికి విన్‌క్లర్ టైట్రేషన్ (పైన చెప్పిన ఆక్సిజన్ కొలిచే పద్ధతి) చేశారా? చేసి ఉంటే మీ చేతిలో మందు ఉన్నట్టే. ఆక్సిజన్ సెన్సర్లు రోజులు గడిచేకొద్దీ అసలు విలువ నుంచి జరిగిపోతుంటాయి, అది అందరికీ తెలిసిన గుణం, అందుకే సీసాల లెక్కతో సరిదిద్దుతారు. ప్రతి స్టేషన్‌కీ రెండు విలువల తేడా తీసి, తేదీని బట్టి ఒక గ్రాఫు, లోతుని బట్టి ఒక గ్రాఫు గీయండి. తేడా ఒక పద్ధతిగా మారుతుంటే సవరణ చేయొచ్చు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తలాతోకా లేకుండా గెంతుతుంటే ఆ సెన్సర్ డేటా వదిలేసి సీసాల డేటాతోనే నడవండి. పాయింట్లు తక్కువైనా ఫరవాలేదు, తప్పు పాయింట్లు వెయ్యి ఉండటం కంటే అది నయం.

ఒక జాగ్రత్త. అర్థం కానిదాన్నల్లా నాయిస్ (పరికరం దానంతట అదే పుట్టించే అర్థంలేని సిగ్నల్) అని కొట్టేయకండి. 1980లలో నీటిలోని కణాల్ని ఒక్కొక్కటిగా కాంతిలోంచి పంపి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ అనే పరికరాన్ని ఓడ మీదికి తీసుకెళ్లి సముద్రపు నీటిని పరీక్షిస్తున్నప్పుడు, పరికరం పట్టగలిగిన హద్దు దగ్గర ఏవో సిగ్నళ్లు వచ్చాయి. మొదట ఎలక్ట్రానిక్ నాయిస్ అనే అనుకున్నారు. అయితే లోతు మారితే ఆ సిగ్నల్ కూడా ఒక క్రమంలో మారుతోంది, నాయిస్ అలా మారదు. పెన్నీ చిజమ్, రాబ్ ఓల్సన్ బృందం వదలకుండా వెంటపడితే అది ప్రోక్లోరోకాకస్ అని తేలింది. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని జీవి, భూమి మీద కిరణజన్య సంయోగక్రియ చేసేవాటిలో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువైనది. 1988లో ఆ ఫలితం అచ్చయ్యేదాకా అలాంటిదొకటి ఉందని లోకానికి తెలియదు. కాబట్టి మీ తేడా రీడింగుల్ని తీసేసే ముందు వాటికి ఒక క్రమం ఉందేమో చూడండి. అలాగని తేడాగా ఉన్నవాటిని మీ ఊహకి సరిపోయేలా దిద్దే ప్రయత్నం మాత్రం చచ్చినా చేయొద్దు. ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో థీసిస్‌లో ఒక పేజీ రాయండి, పరీక్షకులకి ఆ పేజీ చూస్తేనే మీ మీద నమ్మకం కుదురుతుంది.

మీ గైడ్‌గారి మాటలో సగం నిజం ఉంది. ఉన్నదాంతో రాయొచ్చు, కానీ పాత ప్రశ్నకి రాయలేరు. ఉన్న స్టేషన్లు ఏ ప్రశ్నకి జవాబు చెప్పగలవో అది వెతికి ప్రశ్నని మార్చుకోండి. తుఫాను గాలికి ముందు తీసిన స్టేషన్లు, తర్వాత తీసినవి ఉంటే పై పొర ఎంత లోతు కలిసిపోయిందో చూడండి, అదే ఒక అధ్యాయం కావచ్చు. ఖాళీ ఉన్న చోట ఆర్గో ఫ్లోట్లు, ఉపగ్రహ డేటా, పాత క్రూయిజ్‌ల ఆర్కైవు ఉన్నాయి. చాలెంజర్ అనే బ్రిటిష్ పరిశోధన ఓడ 1872 నుంచి 1876 దాకా తిరిగొస్తే దాని రిపోర్టులు 50 సంపుటాలుగా పూర్తయ్యేసరికి 1895 వచ్చింది. సముద్రంలో గడిపిన కాలం కంటే దాన్ని అర్థం చేసుకోవడానికి పట్టే కాలం ఎప్పుడూ ఎక్కువే. ఆరు నెలలు పొడిగింపు అడగడానికి సిగ్గుపడకండి. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు కొనసాగితే డాక్టర్‌కి చూపించుకోండి, దాన్ని థీసిస్‌లో భాగం అనుకుని భరించక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి సముద్ర జీవశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఓడ మీద వారాల తరబడి, ఎక్కువమంది మగవాళ్ల మధ్య ఉండాలంటే తల్లిగా భయంగా ఉంది. వెళ్లొద్దని చెప్పడానికి మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయాన్ని తీసిపారేయను, వెళ్లనివ్వమనే చెబుతాను. ఆడవాళ్లని పరిశోధన నౌక ఎక్కనివ్వని రోజులు మరీ పాతవేం కాదు. మేరీ థార్ప్ 1948లో అమెరికాలో ఒక పరిశోధనాలయంలో చేరారు. ఓడలు తెచ్చిన లోతు కొలతల్ని కాగితం మీద పెట్టి సముద్రగర్భం ఆకారం గీయడం ఆవిడ పని, ఓడ ఎక్కే వీలు లేదు. 1952లో అట్లాంటిక్ మధ్య పర్వతశ్రేణి నడుమ పొడవునా ఒక లోయ ఉందని ఆవిడకి కనబడింది. అక్కడ భూమి పైపొర విడిపోతోందని దానర్థం. తోటి శాస్త్రవేత్త హీజెన్ అవి ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశారు. తర్వాత భూకంపాల మ్యాపు పక్కన పెట్టి చూస్తే ఆ లోయ వెంబడే భూకంపాలు కూడా వరుసగా వచ్చాయని తేలి, ఆయన కూడా ఒప్పుకున్నారు. ఆవిడ మొట్టమొదటిసారి పరిశోధన నౌక ఎక్కింది 1968లో. ఇవాళ ఆడవాళ్లు చీఫ్ సైంటిస్టులుగా క్రూయిజ్‌లు నడిపిస్తున్నారు, ఆ దారి చాలామంది కష్టపడి వేసింది.

భయం మాట కూడా మాట్లాడుకుందాం. అమ్మాయిని ఈ ప్రశ్నలు అడగమనండి: ఓడ మీద ప్రవర్తనా నియమాలు రాతలో ఉన్నాయా, ఇబ్బంది వస్తే ఓడలో ఎవరికి చెప్పాలి, ఆ మనిషి మీదే ఫిర్యాదైతే ఒడ్డున ఎవరికి చెప్పాలి, క్యాబిన్ ఎవరితో, డాక్టర్ ఉంటారా, ఇంటికి మెసేజ్ పెట్టే సౌకర్యం ఉందా. ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. సరిగ్గా నడిచే ఓడలో వీటికి జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి. తడుముకుంటే, విసుక్కుంటే ఆ క్రూయిజ్ వదిలేయొచ్చు, ఇంకోటి వస్తుంది. జాగ్రత్తగా ఉండటం అమ్మాయి ఒక్కదాని బాధ్యత కాదు, ఆ ఓడని నడిపేవాళ్లది. పైగా పీహెచ్‌డీ మొత్తంలో ఓడ మీద గడిపేది కొద్ది వారాలే, మిగతాదంతా ల్యాబులోనే.

ప్రశ్న: రిటైరైన ఉద్యోగిని, సైన్సు విషయాలు ఆసక్తిగా చదువుతాను. సముద్రంలో ఒకే చోట ముప్ఫై నలభై ఏళ్లుగా అవే కొలతలు తీస్తుంటారని చదివాను. కొత్తగా ఏమీ కనిపెట్టకుండా అదే పని మళ్లీ మళ్లీ చేయడానికి డబ్బు ఎందుకు పెట్టాలి?

జవాబు: సార్, ఈ ప్రశ్న అడిగినందుకు ధన్యవాదాలు, ఎందుకంటే ఇదే మాట అని నిధులు ఆపేసినవాళ్లు చరిత్రలో చాలామంది ఉన్నారు.

చార్లెస్ డేవిడ్ కీలింగ్ అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థలో ప్రొఫెసర్. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు, అప్పుడు అది పది లక్షల భాగాల్లో సుమారు 315. ఒకటి రెండేళ్లు కొలిచి ఆపేసి ఉంటే అది ఒక అంకె, అంతే. 1964లో డబ్బు లేక కొన్ని నెలలు ఆగిపోయింది కూడా, ఆ ఖాళీ ఇప్పటికీ గ్రాఫులో కనిపిస్తుంది. 2005లో ఆయన చనిపోయేనాటికి ఆ అంకె 380 దగ్గరికి వచ్చింది, ఇప్పుడు 420 దాటింది. ఆ పని ఇప్పుడు ఆయన కొడుకు రాల్ఫ్ చూస్తున్నాడు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రం పీల్చుకుంటుంది. అది నిజంగానే నీటిలో కనిపిస్తోందా అంటే, హవాయి దగ్గరా బెర్ముడా దగ్గరా 1988 నుంచి క్రమం తప్పకుండా తీస్తున్న శాంపిళ్లలో ఏటేటా ఆమ్లత్వం పెరుగుతూ కనిపిస్తోంది. పారిశ్రామిక యుగం మొదలైనప్పట్నుంచీ సముద్రం పైనీటి పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. తేడా సున్నా పాయింట్ ఒకటేగా అనిపిస్తుంది, కానీ పీహెచ్ లెక్క ప్రకారం హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతుకు పైగా పెరిగాయని అర్థం. గుల్లలు, పగడాలు కట్టుకునేవాటికి అది చిన్న తేడా కాదు. ఒక్క క్రూయిజ్ వేసి వచ్చేస్తే ఇది ఎప్పటికీ దొరకదు, రుతువుల మధ్య ఉండే హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుంది.

ఇంకోటి చెబుతాను, నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని విషయం. ఆలిస్టర్ హార్డీ అనే ఆయన ఇంగ్లండ్‌లో జువాలజీ ప్రొఫెసర్. ప్లవకాల్ని, అంటే నీటితో పాటు కొట్టుకుపోయే చిన్న జీవుల్ని, పట్టడానికి ఒక పరికరం తయారుచేశాడు. మామూలు సరుకు ఓడ వెనక కట్టి లాగితే, నీరు లోపలికి వచ్చి పట్టుబట్ట మీదుగా పోతుంది, బట్ట మెల్లగా చుట్టుకుంటూ ఏ మైలు దగ్గర ఏ జీవులు ఉన్నాయో పట్టి ఉంచుతుంది. 1931లో మొదలైన ఆ సర్వే ఇప్పటికీ నడుస్తోంది. ఆ బట్ట ముక్కల్ని లెక్కపెట్టాక పారేయకుండా దాచారు. 2004లో కొందరు శాస్త్రవేత్తలు 1960ల నాటి బట్టలు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ప్లాస్టిక్ నూలుపోగులు కనిపించాయి, తర్వాతి దశాబ్దాల బట్టల్లో అవి ఇంకా ఎక్కువయ్యాయి. మైక్రోప్లాస్టిక్స్ అని ఇవాళ అందరం మాట్లాడుకుంటున్న సమస్యకి పాత సాక్ష్యం దొరికింది అక్కడే. హార్డీ ఆ పరికరం తయారుచేస్తున్నప్పుడు సముద్రంలో ప్లాస్టిక్ వెతకాలని ఎవరికి తెలుసు? రేపు మన మనవలు ఏం వెతుకుతారో మనకీ తెలియదు, అందుకే శాంపిళ్లు దాచాలి, కొలత ఆపకూడదు, దానికి డబ్బు పెట్టాలి.

ప్రశ్న: ఓడ మీద నేను తీసిన శాంపిళ్లతో మా ల్యాబు సీనియర్ పేపరు రాశారు, నా పేరు చివర కృతజ్ఞతల్లో పెట్టారు. అడగొచ్చా?

జవాబు: అడగండి, కానీ కోపంలో వద్దు. శాంపిల్ తీయడం ఒక్కటే అయితే చాలా పత్రికల నియమాల ప్రకారం కృతజ్ఞతలతో సరిపోతుంది. పద్ధతి రూపొందించడంలో, విశ్లేషణలో, రాయడంలో మీ చెయ్యి ఉంటే రచయితగా మీ పేరు ఉండాలి. మీరు చేసిన పని తేదీలతో సహా రాసి, గైడ్‌ని కలిసి చూపించండి. వచ్చే క్రూయిజ్‌కి మాత్రం ఓడ బయల్దేరకముందే ఏ డేటా ఎవరిది, ఏ పేపరు ఎవరు రాస్తారు అన్నది అందరూ కూర్చుని కాగితం మీద పెట్టుకోండి. గైడ్‌లకి కూడా ఇదే నా విన్నపం, తెల్లవారుజామున మూడింటికి తడి డెక్ మీద వణుకుతూ సీసాలు నింపిన పిల్లలు మీ పేపరులో ఎక్కడున్నారో ఒకసారి చూడండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ చదువుతున్నాను. క్రూయిజ్‌లో వాలంటీర్‌గా తీసుకుంటారని విన్నాను. ప్రొఫెసర్లకి మెయిల్ పెడితే జవాబు రావట్లేదు. ఎలా రాయాలి?

జవాబు: మీరు పంపిన మెయిల్ కాపీ చూశాను. మొదటి పేరా అంతా సముద్రం మీద మీకున్న ప్రేమ, రెండో పేరా మార్కులు. ఏం చేయగలరో ఎక్కడా లేదు. చీఫ్ సైంటిస్టుకి ఓడ మీద బెర్తులు లెక్కగా ఉంటాయి, పన్నెండు గంటల షిఫ్టులో ఒక పని పూర్తిగా అప్పజెప్పగల మనిషి కావాలి. టైట్రేషన్ చేతికి అలవాటైందా, ఫిల్టరింగ్ చేశారా, లాగ్ షీటు తప్పుల్లేకుండా రాయగలరా, కోడ్ రాస్తారా, అది చెప్పండి. ఆ ల్యాబు ఈ మధ్య వేసిన పేపరు ఒకటి నిజంగా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక్క విషయం అడగండి. ఏ నెలల్లో ఖాళీగా ఉంటారో, పాస్‌పోర్టు, మెడికల్ సర్టిఫికెట్ సిద్ధంగా ఉన్నాయో లేదో రాయండి. మొత్తం పది లైన్లు దాటొద్దు. మూడు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి, వాళ్లు అప్పుడు సముద్రంలోనే ఉండి ఉండొచ్చు. ఇంకో మాట, ప్రొఫెసర్‌కి ఒక్కరికే పంపి ఊరుకోకుండా ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకి కూడా రాయండి. చివరి నిమిషంలో ఎవరో ఒకరు తప్పుకుని బెర్తు ఖాళీ అయితే ముందుగా తెలిసేది వాళ్లకే.